షియాంగ్ చింగ్‌యూ

చీనాదేశమున హునాన్ రాష్ట్రములోని షూపు అను ఊర ఒక వర్తకుని యింట 1895లో ఈమె జన్మించెను. చాంగ్‌షా నగరమున చదువుకొని, 1916లో స్వస్థలమందలి బాలికల పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని అయ్యెను. ఆడపిల్లల పాదములను పసితనముననే గుడ్డలతో బిగించి కట్టుట నాటి ఆచారము. ఆ కట్లు విప్పుడనియు, బిడ్డలను బడికి పంపుడనియు ఆమె ఇల్లిల్లు తిరిగి చెప్పెను.

ఆ ప్రాంతపు సేనాపతి, చౌ అనువాడు, ఆమెను పెండ్లాడగోరెను. ఆయుధబలము గలవాని సంబంధము, ఇంటివారు సమ్మతించిరి. మన భాగవతమున రుక్మిణి, అన్న కుదిర్చిన సంబంధమును కాదని, బ్రాహ్మణునిచేత కృష్ణునకు సందేశమంపినది. ఈమెకై రథము తెచ్చువాడెవ్వడును లేడు. తానే ఒంటరిగా ఆ సేనాపతి భవనమునకు పోయి, తన జీవితము దేశమునకే అంకితమనియు, ఎన్నడును వివాహమాడననియు ముఖాముఖి చెప్పి వచ్చెను. అదెంతటి సాహసమో పాఠకులే ఊహింపవలెను.

పిమ్మట ఊరు విడిచి, 1919 డిసెంబరులో ఓడనెక్కి ఫ్రాన్సుదేశమునకు పోయెను. అచ్చట మోంటార్జీ పట్టణమున 1920లో, తోడి ప్రయాణికుడైన త్సాయ్ హసెన్‌ను తానే వరించి పెండ్లాడెను. పెండ్లినాటి ఛాయాచిత్రమున దంపతులు మార్క్సు రచించిన కాపిటల్ గ్రంథమును పట్టుకొని యున్నారు. గ్రంథాలయము వారికి ఇది ముచ్చటగా తోచకపోదు! ఆమె ఆడిన మాట తప్పెననుట మాత్రము నాకు సమ్మతము కాదు.

స్వదేశమునకు మరలి కమ్యూనిస్టు పార్టీ మహిళాశాఖను నడపెను. 1924లో షాంఘై పట్టుమిల్లుల స్త్రీలు సమ్మె చేయగా వారి పక్షమున నిలిచెను. 1928లో హాంకౌ నగరమున ఫ్రెంచివారి అధీనమందలి పేటలో పట్టుబడెను. వారు చీనా అధికారులకు అప్పగింపగా, మే 1వ తేదీన ఆమెకు మరణశిక్ష అమలు జరిగెను. అప్పటికి ఆమె వయస్సు 32 ఏండ్లు. పసివాండ్రు ఇద్దరు, ఒక కూతురు, ఒక కొడుకు.