పాదరసం బొట్టుతో నీటి గుట్టు విప్పిన హెయిరోవ్‌స్కీ

మలికిపురం: బోరు నీరు ఉప్పగా ఉంటే నాలుక ఇట్టే చెబుతుంది. అదే నీటిలో సీసం గాని, కాడ్మియం గాని రవ్వంత కలిస్తే రంగు మారదు, రుచి మారదు. ఏళ్ల తరబడి తాగితే సీసం పిల్లల మెదడుకు, కాడ్మియం మూత్రపిండాలకు చేటు. కంటికి కనపడని ఇటువంటి లోహాలను విద్యుత్తుతో పట్టే మార్గం చూపినవారు యారోస్లావ్ హెయిరోవ్‌స్కీ.

ఆయన 1890 డిసెంబరు 20న ప్రేగ్ నగరంలో జన్మించారు. తండ్రి న్యాయశాస్త్ర ఆచార్యులు. కుమారుడు మాత్రం రసాయన శాస్త్రంపై మక్కువతో లండన్ వెళ్లి 1913లో పట్టా పుచ్చుకున్నారు. మరుసటి ఏడు సెలవులకు ఇంటికి రాగా మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది. సైనిక ఆసుపత్రిలో మందులు కలుపుతూ, ఎక్స్‌రేలు తీస్తూ యుద్ధకాలం గడిపారు.

1918లో డాక్టరేట్ పరీక్ష సందర్భంగా ఆచార్య కుచేరా ఆయన దృష్టిని పాదరసం బొట్టు వైపు మళ్లించారు. ఫలితం చూడకుండానే 1921లో కుచేరా కన్నుమూశారు. హెయిరోవ్‌స్కీ పట్టు వదలలేదు. 1922 ఫిబ్రవరిలో ఫలితం దక్కింది.

సన్నని గాజు గొట్టం నుంచి పాదరసం బొట్టుబొట్టుగా ద్రావణంలో రాలుతుంది. చేమాకుపై నీటిబొట్టులా ప్రతి బొట్టూ నున్నగా, కొత్తగా ఉంటుంది. విద్యుత్ పీడనం మెల్లగా పెంచుతారు. రాజోలు నుంచి సఖినేటిపల్లి వెళ్లే బస్సులో ఎవరి ఊరు వస్తే వారు దిగినట్టు, ఒక్కో లోహం తనదైన పీడనం వద్ద బొట్టును చేరుతుంది. అప్పుడు కరెంటు పెరుగుతుంది. ఎక్కడ పెరిగిందో చూస్తే లోహం పేరు, ఎంత పెరిగిందో చూస్తే దాని పరిమాణం తెలుస్తాయి.

1925లో జపాన్ శాస్త్రవేత్త షికాటాతో కలిసి ఆ గీతను తనంతట తానే గీసే పోలరోగ్రాఫ్ యంత్రం తయారుచేశారు. 37 ఏళ్ల నిరీక్షణ తర్వాత, 1959లో నోబెల్ బహుమతి వరించింది. 1967 మార్చి 27న మరణించారు.

పాదరసం కూడా విషమే కనుక ఇప్పుడు కార్బన్, బంగారం, బిస్మత్ ఎలక్ట్రోడ్లు కూడా వాడుతున్నారు. ముందుగా లోహాన్ని ఎలక్ట్రోడ్ పైకి పోగుచేసి, తర్వాత విడిపించి కొలిచే పద్ధతిలో వంద కోట్ల వంతుల్లో ఒక వంతు ఉన్నా దొరికిపోతుంది. చేతిలో ఇమిడే పరికరాలూ వచ్చాయి. తాగునీటి లీటరులో సీసం 0.01 మిల్లీగ్రాము మించరాదని భారత ప్రమాణం చెబుతోంది. తేటగా ఉన్నంత మాత్రాన నీరు మంచిదనుకోరాదు. పరీక్ష చేయిస్తేనే దాని గుట్టు తెలిసేది.