బాపూజీ నడక

దసరా వేడుకలనగానే పులిహోర, బూరెలు, చక్కెర పొంగలి గుర్తుకు రావడం సహజం. ఆ వేడుకలకు కాస్త అటూ ఇటూగా అక్టోబరు 2 కూడా వస్తుంది. అందుకని ఈ సంచికలో గాంధీ మహాత్ముని జీవితంలో మనం అంతగా తలచుకోని ఒక విషయం చెప్పుకుందాం. స్వాతంత్ర్య పోరాటం గురించి మన పిల్లలు బాగానే విన్నారు. ఆయన తన ఒంటిని ఎలా కాపాడుకున్నారో మాత్రం వారికి మనం చెప్పలేదు.

1869లో పోరుబందరులో పుట్టిన ఆయన చిన్నప్పుడు బలశాలి ఏమీ కాదు. రాజకోటలో చదువుకునేటప్పుడు హెడ్మాస్టరు గారు కసరత్తు, క్రికెట్టు తప్పనిసరి చేస్తే అవి ఆయనకు గిట్టలేదు. బడి వదలగానే ఇంటికి పోయి జబ్బుపడిన తండ్రికి సేవ చేయాలన్నదే ఆరాటం. ఒకరోజు మబ్బు పట్టి, చేతిలో గడియారం లేక, ఆటల వేళ దాటిపోయాక వెళ్ళారు. జుర్మానా పడింది. తాను అబద్ధమాడానని అనుకున్నారే అని ఎంతో ఏడ్చారట. చివరకు తండ్రి ఉత్తరం రాసి మినహాయింపు ఇప్పించారు. అయితే ఆరుబయట నడక మంచిదని పుస్తకాల్లో చదివి, ఆ అలవాటు మాత్రం అప్పుడే చేసుకున్నారు.

1888లో బారిస్టరు చదువుకు లండన్ వెళ్ళాక, బండి ఖర్చు మిగులుతుందని రోజుకు 8, 10 మైళ్ళు నడిచారు. అక్కడున్నన్నాళ్ళూ జబ్బు పడకుండా కాపాడింది ఆ నడకేనని ఆత్మకథలో రాసుకున్నారు.

ఆ కాళ్ళ బలం దక్షిణాఫ్రికాలో పనికొచ్చింది. 1899లో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు ఆయన కూడగట్టిన సేవాదళంలో సుమారు 1,100 మంది భారతీయులు చేరారు. వారిలో ఎక్కువమంది ఒప్పందపు కూలీలు. మన తెలుగు జిల్లాల నుంచి కూడా ఎందరో అలా నాటాల్ చెరకు తోటలకు వెళ్ళిన కాలమది. గాయపడ్డవారిని మోసుకుంటూ రోజుకు 20, 25 మైళ్ళు నడిచిన రోజులున్నాయి.

1904లో జరిగినది ఇంకా ముఖ్యమైనది. జొహానెస్‌బర్గ్‌లో భారతీయులుండే పేట ఇరుకైనది, శుభ్రత కరువైనది. ఇలాగే ఉంటే అంటురోగం తప్పదని ఫిబ్రవరిలోనే గాంధీగారు నగర ఆరోగ్యాధికారికి ఉత్తరం రాశారు. పట్టించుకోలేదు. మార్చిలో ప్లేగు వచ్చింది. బంగారు గనిలో సోకి, 23 మంది ఆ పేటకు చేరారు. గాంధీగారు, డాక్టర్ గాడ్‌ఫ్రే, మరి కొందరు యువకులు ఒక ఖాళీ ఇంట్లో ఉంచిన రోగులకు రాత్రింబవళ్ళు సేవ చేశారు. ఆ 23 మందిలో 21 మంది చనిపోయారు. తర్వాత పేటను ఖాళీ చేయించి, జనాన్ని ఊరి వెలుపల గుడారాలలో ఉంచి, ఆ పేటను తగులబెట్టారు. ఆరుబయటి గాలిలో మూడు వారాలుండగానే జనం ఆరోగ్యం బాగుపడిందని ఆయన గమనించారు. ఆ పని ముందే చేసి ఉంటే!

1910లో టాల్‌స్టాయ్ ఫారం పెట్టాక, సొంత పని మీద 21 మైళ్ళ దూరంలోని జొహానెస్‌బర్గ్‌కు వెళ్ళేవారు నడిచే వెళ్ళాలని నియమం. తెల్లవారుజామున 2 గంటలకే లేచి, రెండున్నరకు బయలుదేరేవారు.

1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్నప్పుడు ఆరోగ్యం మీద ఒక చిన్న పుస్తకం రాశారు. గాలి, నీరు, ఆహారం గురించి అందులో ఉంది. కాఫీ, టీల గురించీ ఉంది. ఆ భాగం మన ఇళ్ళలో ఎవరికీ నచ్చదనుకోండి!

ఆయన చెప్పినవన్నీ పాటించమని మేము అనము. మశూచి టీకాను ఆయన వ్యతిరేకించారు. అక్కడ ఆయన పొరబడ్డారనే మా ఉద్దేశం. ఆ టీకాల వల్లనే ఆ రోగం లోకం నుంచి పోయిందని 1980లో ప్రకటించారు. 1924లో అపెండిసైటిస్ వచ్చినప్పుడు పుణె సాసూన్ ఆసుపత్రిలో గాంధీగారు కూడా ఆపరేషనుకు ఒప్పుకున్నారు. మధ్యలో కరెంటు పోతే లాంతరు వెలుగులో పూర్తి చేశారు. కనుక పిల్లల టీకాలు, మన వార్షిక పరీక్షలు ఎగ్గొట్టడానికి ఆయనను సాకు చేసుకోవద్దు.

నడక మాత్రం చివరిదాకా వదలలేదు. 1930లో, 60 ఏళ్ళు దాటాక, సబర్మతి నుంచి దండి దాకా సుమారు 240 మైళ్ళు నడిచారు. 1947లో, 77 ఏళ్ళ వయసులో, నౌఖాలీ పల్లెల్లో చెప్పులు లేకుండా తిరిగారు. 1948 జనవరి 30 సాయంత్రం ఢిల్లీలో, ప్రార్థనకు ఆలస్యమైందని వడివడిగా నడిచి వెళుతుండగానే ఆయన ప్రాణం పోయింది.