మాటలు లేకుండా కథ చెప్పిన వెంకయ్య గారు

తెలుగు సినిమా పితామహుడు రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1869లో మచిలీపట్నంలో పుట్టారు. మద్రాసులో ఫోటోలు తీసేవారు. స్టూడియో తాకట్టు పెట్టి, చిన్న సినిమాలు ఆడించే యంత్రం కొని, డేరా వేసి ఊరూరా చూపించారు. 1921లో కొడుకు ప్రకాష్‌తో 'భీష్మ ప్రతిజ్ఞ' తీయించారు. అది మూకీ. కోపమైనా, ఏడుపైనా ముఖంలోనే తెలియాలి. ఆ పనిలో చాలా నష్టపోయారు. 1941లో కన్నుమూశారు.

మన హాస్టల్లో కొందరం సవర, కొందరం తెలుగు మాట్లాడతాం. బొమ్మ అందరికీ అర్థమవుద్ది. ఉద్దానం జీడితోట దూరం నుంచి ఒక బొమ్మ, గింజల బస్తా ఒకటి, పలాస ఫ్యాక్టరీలో జీడి అంటి నల్లబడ్డ అమ్మ చెయ్యి దగ్గర నుంచి ఒకటి గీయండి. కష్టం అని రాయక్కర్లేదు. కెమెరా తర్వాత వస్తాది, ముందు చూడ్డం నేర్చుకుందాం!