మన రోడ్డున రాని జనరల్

పోయిన సెమిస్టర్ పరీక్షలయ్యాక హాస్టల్లో మేమంతా ఒక స్పేస్ గేమ్ ఆడాం. గెలాక్సీలో రెండు సామ్రాజ్యాలు, చెరో నౌకాదళం. నా పెద్ద ఓడలన్నీ ముందు వరుసలో పెట్టి, కవచాలన్నీ ముందుకే తిప్పి ధీమాగా కూర్చున్నా. మా రూమ్మేట్ నాకెదురుగా కొన్ని ఓడలు వదిలి, మిగతావాటిని గ్రహశకలాల వెనక నుంచి తిప్పి తెచ్చి నా పక్కలో కొట్టాడు. నాలుగు నిమిషాల్లో అంతా అయిపోయింది. నా ఓడలకు పక్కకి తిరిగే టైమ్ కూడా దొరకలేదు.

దీన్ని ఫ్లాంకింగ్ అంటారట, పుస్తకాల తెలుగులో పార్శ్వ దాడి. ఎట్లాగైనా వాడి మీద గెలవాలని నిజం యుద్ధాల మ్యాపులు వెతుకుతుంటే, ఒక దాంట్లో బాణం గుర్తు పక్కన కోదాడ అని కనబడింది. ఆ తర్వాత మునగాల, సూర్యాపేట. ప్రతి పండక్కీ నేను బస్సులో వెళ్లే దారి అది. గేమ్ సంగతి అక్కడే మర్చిపోయా.

అది 1948 సెప్టెంబర్ నాటి మ్యాప్. మన పెద్దవాళ్లు పోలీస్ యాక్షన్ అంటారే, అది. మా నాయినమ్మది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఆమె లెక్కలో యూనియన్ మిలిటరీ అంటే బెజవాడ నుంచి వచ్చిందే. ఆ సైన్యాన్ని నడిపించింది జనరల్ చౌదరి అని నేనూ అనుకునేవాణ్ణి. మ్యాప్ చూస్తే ఆయన బాణం మన వైపు లేదు. పడమర నుంచి, షోలాపూర్ నుంచి ఉంది. మన రోడ్డున వచ్చింది మేజర్ జనరల్ రుద్ర దళం. ఇద్దరికీ పైన మొత్తం చూసుకున్నది లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసిన్హ్‌జీ. అయినా అందరికీ గుర్తున్న పేరు చౌదరిదే. అందుకే ఆయన ఎవరో చదవడం మొదలుపెట్టా.

జయంతనాథ్ చౌదరి 1908 జూన్ 10న పుట్టాడు. బెంగాలీ కుటుంబం. చదువు కలకత్తాలో, తర్వాత లండన్‌లో, ఆ పైన శాండ్‌హర్స్ట్ మిలిటరీ కాలేజీలో. 1928లో ఆఫీసర్ అయ్యాడు. మీసాల వల్ల తోటివాళ్లు ముచ్చూ అని పిలిచేవాళ్లు, ఫొటోలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. గుర్రాల దళంలో చేరాడు కానీ కొన్నేళ్లకే ఆ దళాలన్నిటికీ గుర్రాలు పోయి ఇనుప బండ్లొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సూడాన్, ఎరిత్రియా, ఉత్తర ఆఫ్రికా ఎడారి చూశాడు. తర్వాత 16వ లైట్ కావల్రీకి కమాండర్‌గా బర్మా వెళ్లాడు. ఆ రెజిమెంట్ క్వెట్టా నుంచి ఇంఫాల్ దాకా తన బండ్ల మీద రోడ్డు మార్గానే వచ్చింది. ఇప్పటి లెక్కలో పాకిస్తాన్ పడమటి కొస నుంచి మణిపూర్ దాకా!

బర్మాలో ఆయన చూసింది మా రూమ్మేట్ ట్రిక్కే. 1945లో జనరల్ స్లిమ్ తన సైన్యమంతా మాండలే మీదికే వస్తున్నట్టు జపాన్ వాళ్లని నమ్మించాడు. దొంగ రేడియో సందేశాలు కూడా పంపించాడు. అసలు దెబ్బ మాత్రం దక్షిణంగా చుట్టు తిరిగి మెయిక్టిలా మీద కొట్టాడు. జపాన్ సైన్యానికి తిండీ మందుగుండూ వచ్చే దారి అక్కడ తెగిపోయింది. చౌదరి రెజిమెంట్ ఆ పోరులో ఉంది.

మూడేళ్లకి హైదరాబాద్. అప్పటికి ఆయన 1వ ఆర్మర్డ్ డివిజన్ అధిపతి. సెప్టెంబర్ 13 తెల్లవారుజామున సైన్యం నిజాం రాజ్యంలోకి కదిలింది. పడమర నల్దుర్గ్ దగ్గర బోరీ నది వంతెనని, అవతలివాళ్లు పేల్చేలోపే పట్టుకున్నారు. అదే రోజు తూర్పున కోదాడ పడిపోయింది. ఇక్కడ నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. మునగాల పరగణా అప్పటికి నిజాంది కాదు, కృష్ణా జిల్లాలో భాగం, చుట్టూరా నిజాం నేల మధ్యలో ఒక దీవి లాగా. అంటే మన రోడ్డున వచ్చిన సైనికులు నిజాం రాజ్యంలోకి వచ్చి, మళ్లీ ఇండియాలోకి పోయి, మళ్లీ నిజాం రాజ్యంలోకి దిగారన్నమాట. ఆ తర్వాత సూర్యాపేట మీద విమానాల దాడి, వెనకే గూర్ఖాలు. వెనక్కి పోతూ నిజాం సైన్యం మూసీ వంతెన పేల్చింది కానీ దాన్ని బాగుచేసేవాళ్ల మీద కాల్పులు జరపడానికి ఎవరినీ అక్కడ ఉంచలేదు. వంతెన త్వరగానే బాగైంది. గేమ్‌లో నేనూ అంతే, అడ్డం పెట్టి దాన్ని కాయడం మర్చిపోతా.

ప్లాన్‌లో అసలు బలమంతా షోలాపూర్ వైపే. కానీ మనవైపు బాణం లేకపోతే నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ ఉన్న కొద్ది సైన్యాన్నీ ఒకే దిక్కున నిలబెట్టేవాడు. కోదాడ, సూర్యాపేట వల్ల అది కుదరలేదు. 17న నిజాం కాల్పులు ఆపించాడు. 18 సాయంత్రం ఎద్రూస్ లొంగిపోయింది చౌదరికి.

గేమ్ అయితే ఇక్కడ స్కోర్ వచ్చేస్తుంది. చౌదరి మాత్రం మిలిటరీ గవర్నర్‌గా ఏడాది పైన మనల్ని పాలించాడు. ఆ కాలంలోనే, 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, మంచి పని. కానీ బాణాలు దాటిపోయిన ఊళ్లలో, ముఖ్యంగా మరాఠ్వాడా వైపు, ముస్లింల మీద ఘోరాలు జరిగాయి. పండిట్ సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ రిపోర్టుని చాలా ఏళ్లు బయటికి రానివ్వలేదు. ఇక మన దగ్గర రజాకార్లు పోయాక అదే సైన్యం సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో కమ్యూనిస్టు దళాల మీదికి తిరిగింది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా అది ఆగలేదు. మా నాయినమ్మ వాళ్లమ్మ మిలిటరీ వచ్చిన రోజు దండం పెట్టిందట, ఆర్నెల్లు తిరక్కుండానే అదే బండి చప్పుడుకి తలుపులు వేసుకుందట. రెండూ ఒకే గొంతుతో చెప్తుంది మా నాయినమ్మ. చౌదరి గొప్ప సేనాని అని నేను ఒప్పుకుంటా. గవర్నర్‌గా అంత మార్కులు వేయలేను.

1961 డిసెంబర్‌లో గోవా సమయానికి ఆయన దక్షిణ కమాండ్ అధిపతి. అక్కడ ఉత్తరం నుంచి పంపిన పారా బ్రిగేడ్‌ది పక్కపాత్ర మాత్రమే. తీరా పణజీకి ముందు చేరింది అదే!

1962లో చైనా చేతిలో దెబ్బతిన్నాక ఆర్మీ చీఫ్ అయ్యాడు. 1965 సెప్టెంబర్‌లో పాకిస్తాన్ ఛంబ్ మీదికి ట్యాంకులతో వస్తే, అక్కడే ఎదురు నిలబడి ఊరుకోకుండా 6న లాహోర్ వైపు కొత్త ఫ్రంట్ తెరిచారు. అంతవరకు పాత చౌదరే. కానీ ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు దూసుకొచ్చి, బియాస్ వంతెనలు పట్టుకుని మన సైన్యాన్ని వెనక నుంచి కోసేస్తాయేమో అన్న పరిస్థితి వచ్చింది. అప్పుడు చౌదరి బియాస్ వెనక్కి తగ్గమన్నాడనీ, తాను ఒప్పుకోలేదనీ పశ్చిమ కమాండ్ అధిపతి హర్‌బక్ష్ సింగ్ తర్వాత రాశాడు. అలా జరగలేదన్నవాళ్లూ ఉన్నారు. నాకైతే నమ్మబుద్ధి అవుతుంది. జీవితమంతా పక్క నుంచి కొట్టడం చూసినవాడికి, తన పక్క ఎంత పలచగా ఉందో అందరికంటే ముందు కనిపిస్తుంది కదా. చివరికి అసల్ ఉత్తర్‌లో మనవాళ్లు గుర్రపునాడా ఆకారంలో నిలబడి, చెరకు తోటల్లోకి నీళ్లు వదిలి, బురదలో చిక్కిన ప్యాటన్లని మూడు వైపుల నుంచీ కొట్టారు.

1966లో రిటైరై కెనడాకి హై కమిషనర్‌గా వెళ్లాడు. 1983 ఏప్రిల్ 6న చనిపోయాడు.

మొన్న ఇంటికెళ్లినప్పుడు నాయినమ్మకి ఫోన్‌లో ఆ మ్యాప్ చూపించి, చౌదరి వచ్చింది అటు నుంచి, మనవైపు కాదు అని చెప్పా. బాణాన్ని వేలితో జరిపి చూసింది. ఎటు నుంచి వస్తే ఏంది, మా ఊరు ఇందులో ఎక్కడుందో చూపించు అంది. ఎంత జూమ్ చేసినా ఊరు పేరు రాలేదు.