పదవి లేని వైద్యాచార్యుడు – డుషెన్

ఫ్రాన్సు దేశపు రేవు పట్టణమైన బులోన్‌లో, సముద్రాన్ని నమ్ముకొన్న కుటుంబంలో, 1806లో గియోం డుషెన్ జన్మించారు. 1831లో పారిస్‌లో వైద్యపట్టా పొంది, స్వస్థలంలో వృత్తి ప్రారంభించారు. ప్రసవానంతరం భార్య మరణించగా, పసికందును అత్తవారు పెంచుకొన్నారు. 1842లో ఆయన ఒంటరిగా పారిస్ చేరారు.

అక్కడ ఏ ఆసుపత్రిలోనూ ఆయనకు పదవి లేదు. విద్యుద్యంత్రాన్ని వెంటబెట్టుకొని వైద్యశాలలన్నీ తిరుగుతూ రోగుల కండరాలను ఓర్పుతో పరీక్షించారు. పిక్కలు బలిసినట్లు కనిపిస్తూనే బలముడిగి, పిల్లలు క్రమంగా నడక కోల్పోయే వ్యాధిని 1868లో పదముగ్గురు రోగుల ఆధారంగా వర్ణించారు. ఆంగ్ల వైద్యుడు మెరియన్ అంతకు పూర్వమే దానిని గుర్తించినా, డుషెన్ పేరే స్థిరపడింది.

1875లో ఆయన కన్నుమూశారు. శతాబ్దం గడచిన పిమ్మట, 1987లో, ఆ వ్యాధికి మూలమైన జన్యువు రూపొందించే డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తును శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కండరకణపు పొరకు లోపలి నుండి ఊతమిచ్చేది అదే. అది లోపిస్తే కండరం కదిలినప్పుడల్లా పొర దెబ్బతిని, కణం నశిస్తుంది. వ్యాధిని పూర్తిగా మాన్పే చికిత్స నేటికీ లేదు.

విద్యార్థులారా! విజ్ఞానానికి పదవి పునాది కాదని, రోగి చెంత గడిపిన ఓర్పే పునాది అని ఆయన జీవితం చాటుతున్నది.