కట్టుడు పళ్లకు ముందు కత్తి పట్టిన హకీం: అబుల్ ఖాసిం అల్ జహ్రావీ

వేటపాలెం: ఇంట్లో పెద్దవాళ్లకి కట్టుడు పళ్లు పెట్టిద్దామని చీరాలకో బాపట్లకో తీసుకెళితే చాలాసార్లు డాక్టరు వెంటనే కొలత తీసుకోరు. ముందు లోపల మిగిలిపోయిన వేర్లు తీయాలంటారు. దవడ ఎముక మీద ముళ్లలా పొడుచుకొచ్చిన చోట నున్నగా చేయాలంటారు. ఆ పుండు మానేదాకా కొన్ని వారాలు ఆగమంటారు. నానీకి కోపం వస్తుంది. పళ్లు పెట్టమని వస్తే కోస్తామంటారేంటని దాదా చెప్పులేసుకుని బయటికొచ్చేస్తారు. ఖర్చు పెంచడానికి చెప్పే మాటేమో అని ఇంట్లోవాళ్లకీ అనుమానమే.

ఆ అనుమానం అక్కర్లేదు. విరిగిన వేరుని, పాడైన ఎముకని నోట్లో వదలకూడదని, వాటిని ఏ పనిముట్టుతో ఎలా తీయాలో బొమ్మలు గీసి మరీ చెప్పిన అరబ్బీ పుస్తకం వెయ్యేళ్ల కిందటే ఉంది. రాసినాయన స్పెయిన్ ముస్లిం. పేరు అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్న్ అల్ అబ్బాస్ అల్ జహ్రావీ. యూరప్ వాళ్ల నోట్లో ఈ పేరు తిరగక అల్బుకాసిస్ అయింది.

ఆయన పుట్టింది క్రీ.శ. 936 ప్రాంతంలో. సరిగ్గా ఆ కాలంలోనే ఖలీఫా మూడో అబ్దుర్రహ్మాన్ ఖుర్తుబా, అంటే ఇప్పటి కార్డోబా పక్కన మదీనతుజ్జహ్రా అనే కొత్త రాజధాని కట్టించడం మొదలుపెట్టాడు. ఆ ఊరి పేరే హకీం గారి ఇంటిపేరైంది. పేరులో అన్సారీ అని కూడా ఉంది కాబట్టి పూర్వీకులు మదీనా అన్సార్ల వంశం అని చెబుతారు. రెండో అల్ హకం ఖలీఫా దగ్గర వైద్యుడిగా పనిచేశారని కూడా చెబుతారు. 1013 ప్రాంతంలో చనిపోయారు. అంతకు కొన్నేళ్ల ముందే, 1010లో, అంతర్యుద్ధంలో ఆయన పుట్టిన ఊరు దోపిడీకి గురై నాశనమైంది. పెళ్లి, పిల్లలు, గురువుల వివరాలు పెద్దగా మిగల్లేదు. మిగిలింది పుస్తకం. 1918 నుంచి సారస్వత నికేతనం ఉన్న ఊరివాళ్లకి పుస్తకం మిగలడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆ పుస్తకం పేరు కితాబుత్ తస్రీఫ్. మొత్తం 30 భాగాలు. దాదాపు యాభై ఏళ్ల వైద్యం చేశాక, 1000వ సంవత్సరం ప్రాంతంలో పూర్తి చేశారు. మందులు, ఆహారం, రోగాలు అన్నీ ఉన్నా, పేరు తెచ్చింది చివరిదైన ముప్పయ్యో భాగం. అది పూర్తిగా జర్రాహీ, అంటే కోత వైద్యం. సుమారు 200 పనిముట్ల బొమ్మలు అందులో ఉన్నాయి.

అది ఎందుకు రాయాల్సి వచ్చిందో ఆయనే మొదట్లో చెప్పుకొచ్చారు. శరీరం లోపల ఏది ఎక్కడుందో తెలియకుండా కత్తి పట్టేవాళ్లు ఆయన కళ్లముందే మనుషుల్ని చంపారు. ఒకడు ఒక ఆడమనిషి మెడ మీద గడ్డ కోయబోయి రక్తనాళం తెగ్గొట్టాడు. ఆమె అక్కడికక్కడే రక్తం పోయి చనిపోయింది. ఇలాంటివి చూసి చూసి, శిష్యుల్ని బిడ్డల్లారా అని పిలుస్తూ, ముందు శరీర నిర్మాణం నేర్చుకోండి, తర్వాతే కత్తి అని రాశారు. ఆయన చేతి పనికి ఉదాహరణ కూడా ఉంది. గొంతులో కత్తి పొడుచుకున్న ఒక బానిస పిల్లని తెచ్చారు. గాయంలోంచి గాలి వస్తోంది. కుట్లు వేశారు, పిల్ల బతికింది.

పళ్ల దగ్గరికి వస్తే ఆయన తొందర అసలు ఒప్పుకోరు. పన్ను విలువైనది, పోతే అలాంటిది మళ్లీ రాదు, కాబట్టి మందుతో నయమయ్యే దారులన్నీ చూశాకే పీకాలి. నొప్పి ఎక్కడుందో చెప్పడంలో రోగి పొరబడతాడు, మంచి పన్ను పీకించుకుని వెళ్లిపోతాడు, నొప్పి మాత్రం అలాగే ఉంటుంది. మంగళ్ల చేతిలో ఇది రోజూ జరిగేదని వాళ్లమీద బాగా విసుక్కున్నారు. ఏ పన్నో రూఢి అయ్యాక చుట్టూ చిగురుని కత్తితో విడదీయాలి. వేళ్లతోగానీ చిన్న పట్టకారుతోగానీ మెల్లగా కదిలించాలి. మత్తు సూది లేని కాలం కాబట్టి రోగి తల మోకాళ్ల మధ్య గట్టిగా పట్టుకుని, పక్కకి వంచకుండా నిటారుగా లాగాలి. పన్ను పుచ్చి డొల్లగా ఉంటే ముందు ఆ రంధ్రంలో గుడ్డ కుక్కాలి, లేకపోతే పట్టకారు కింద నలిగిపోతుంది.

అసలు విషయం ఆ తర్వాతి అధ్యాయంలో ఉంది. పన్ను విరిగి వేరు లోపలే ఉండిపోతే? వెన్న రాసిన దూది ఆ చోట ఒకటి రెండు రోజులు పెట్టి మెత్తబరచాలి. కొంగ ముక్కులాంటి కొసలున్న సన్నని పట్టకారుతో లాగాలి. రాకపోతే చిగురు కోసి, చిన్న మీటతో పైకి లేపాలి. దవడ ఎముక ముక్క విరిగి ఉంటే అది కూడా బయటికి రావాలి. ఎముక కుళ్లి ఉంటే శుభ్రమైనది కనబడేదాకా గీకాలి.

ఇవాళ పళ్ల డాక్టరు కుర్చీలో జరిగేది దీనికి దగ్గరి చుట్టమే. ఇప్పుడు ఎక్స్‌రే ఉంది, మత్తు సూది ఉంది, ఎముకని అరగదీసే యంత్రం ఉంది. కారణం మాత్రం తేలిగ్గానే అర్థమవుతుంది. సెట్టు కూర్చునేది చిగురు మీద, చిగురు కింద ఎముక. కింద వాడి అంచు ఉంటే నమిలినప్పుడల్లా చిగురు రెండిటి మధ్యా నలిగి పుండు పడుతుంది. చీము పట్టిన వేరు ఉంటే సెట్టు కింద వాపు. పెదవి లోపలి నరంలాంటి మడత మరీ కిందిదాకా ఉంటే మాట్లాడినప్పుడల్లా సెట్టు లేచిపోతుంది, దాన్నీ కొంచెం కోసి సరిచేస్తారు. అందరికీ ఇవన్నీ అక్కర్లేదు, ఎవరికి ఏది కావాలో నోరు చూసి డాక్టరు చెప్పాలి. షుగరు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పడం మరిచిపోకూడదు. మాత్రలు సొంతంగా ఆపడమూ మంచిది కాదు.

జహ్రావీ గారు పూర్తి సెట్టు తయారుచేశారని, కట్టుడు పళ్లు కనిపెట్టిందే ఆయనని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది నిజం కాదు. బంగారు పట్టీతో పళ్లు బిగించడం ఇటలీలో ఎట్రుస్కన్లకి ఆయనకంటే వెయ్యేళ్లకు పైగా ముందే తెలుసు. ఆయన రాసింది ఇది: కదిలే పళ్లని గట్టి పళ్లతో కలిపి తీగతో అల్లి బిగించాలి. బంగారమే మేలు, వెండి కొన్నాళ్లకి పచ్చబడి పాడవుతుంది. ఊడిన పన్నుని మళ్లీ ఆ చోటే పెట్టి కట్టవచ్చు, లేదా ఎద్దు ఎముకని పన్ను ఆకారంలో చెక్కి కట్టవచ్చు. కట్టుడు పళ్లు అన్న మన తెలుగు మాట ఈ పనికి అచ్చంగా సరిపోతుంది. ఇక పళ్లకి పట్టిన గార గీకడానికి ఆయన పద్నాలుగు రకాల గీకుళ్లు గీసి చూపించారు.

అన్నీ ఇప్పుడు పనికొచ్చేవి కావు. చాలా జబ్బులకి వాతలు పెట్టమంటారు, పంటి నొప్పికి కూడా. ఇవాళ ఏ డాక్టరూ ఆ మాట వినరు.

12వ శతాబ్దంలో తొలేదోలో క్రెమోనాకి చెందిన జెరార్డ్ ఈ కోత భాగాన్ని లాటిన్‌లోకి మార్చాడు. ఫ్రాన్స్ వైద్యుడు గీ ద షోలియాక్ 1363లో రాసిన గ్రంథంలో దాదాపు 200 సార్లు ఈయన పేరెత్తాడు. 1465లో తుర్కీ వైద్యుడు షరఫుద్దీన్ సబూంజూఓగ్లూ ఇదే పుస్తకం ఆధారంగా రంగుల బొమ్మలతో తమ భాషలో రాశాడు. 1497లో వెనిస్‌లో లాటిన్ అచ్చు, 1778లో ఆక్స్‌ఫర్డ్‌లో అరబ్బీ, లాటిన్ పక్కపక్కన అచ్చు, 1973లో ఇంగ్లీషు అనువాదం వచ్చాయి. మదీనతుజ్జహ్రా శిథిలాలని 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కార్డోబాలో ఒక వీధికి ఇప్పటికీ అల్బుకాసిస్ పేరే.