బెంజమిన్ షుల్జ్ – దేవదూతల రూపము

వికారాబాదు నుండి తాండూరు పోవు రైలుమార్గమున ధారూరు అను ఊరు కలదు. ప్రతి సంవత్సరము నవంబరు మాసమున అచ్చట మెథడిస్టు క్రైస్తవుల జాతర జరుగును. చుట్టుప్రక్కల పల్లెల నుండి వేలకొలది జనులు వచ్చి గుడారములు వేసికొని ప్రార్థనలు చేయుదురు. మఱుసటి నెలయే క్రిస్మస్. అప్పుడు వికారాబాదునను తాండూరునను పిల్లలకు తెల్లని దుస్తులు తొడిగి, వీపునకు కాగితపు రెక్కలు కట్టి, దేవదూతల వేషము వేయుదురు. కన్నులపండువైన వేషమే. కాని వారు ఆడు కథ లూకా సువార్తలోనిది. గబ్రియేలు మరియమ్మ యొద్దకు వచ్చెనని అందున్నదే గాని, ఆతనికి రెక్కలున్నట్లు లేదు.

దేవదూతలు ఎట్లుందురో బైబిలు చెప్పిన మాటల నన్నిటిని తెలుగున మొట్టమొదట వ్రాయవలసివచ్చినవాడు బెంజమిన్ షుల్జ్. ఈయన తెలంగాణమునకు వచ్చినవాడు కాడు. ఆయన ఎఱిగిన తెలుగు చెన్నపట్టణపు తెలుగు.

షుల్జ్ 1689లో బ్రాండెన్‌బర్గు సీమయందలి సోన్నెన్‌బుర్గ్ అను ఊర జన్మించి, హాలేలో చదివెను. ఆ కాలమున హాలే నగరము జర్మనీలో భక్తిసంస్కరణమునకు పెట్టినకోట. ఫ్రాంకే అను ఆచార్యుడు అచ్చట అనాథశరణాలయమును, పాఠశాలలను, ముద్రాలయమును నెలకొల్పి యుండెను. డేన్మార్కు రాజు పంపున తరంగంబాడికి పోయిన సీగెన్‌బాల్గ్ సయితము అచ్చట చదివినవాడే. షుల్జ్ 1719లో తరంగంబాడి చేరెను. సీగెన్‌బాల్గ్ ఆ సంవత్సరమే, ఆయన రాకకు ముందే, కన్నుమూసెను. రూతు గ్రంథము వఱకు వచ్చి ఆగిన అరవ బైబిలు పని షుల్జ్ తలపై పడెను. ఆయన దానిని ముగించి అచ్చు వేయించెను. ఆ అరవము బాగుగ లేదని తరువాతి వారు ఆక్షేపించిరి. ఫాబ్రిసియస్ దానిని తిరుగ వ్రాసెను. షుల్జ్ పట్టుదల గలవాడు, తొందరపాటు గలవాడు, తోడివారితో పొత్తు కుదరనివాడు. ఆ పట్టుదల లేకున్న తెలుగు బైబిలు అంత ముందుగా పుట్టియుండదు.

1726లో ఆయన చెన్నపట్టణమునకు వచ్చెను. అచ్చట తెలుగు మాటాడువారు అనేకులు. నలుబదియేండ్లకు చేరువైన వయస్సున తెలుగు నేర్చి, 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణమొకటి వ్రాసెను. 1732 నాటికి పాత నిబంధనయు క్రొత్త నిబంధనయు తెలుగున పూర్తి చేసెను. నిఘంటువు లేదు, ముందు నడచినవాని అడుగుజాడ లేదు. ఏ మాటకు ఏ మాట పెట్టవలెనో తానే నిర్ణయించుకొనవలెను.

ఈ కష్టము దేవదూతల యెడ మఱింత ఎక్కువ. హీబ్రూలోని 'మలాఖ్' అను మాటకును గ్రీకులోని 'అంగెలోస్' అను మాటకును వార్త కొనిపోవువాడనియే అర్థము. అది పనిని చెప్పు పేరు గాని రూపమును చెప్పు పేరు గాదు. నేటి తెలుగు బైబిలులోని 'దూత' అను మాట అందులకు చక్కగ కుదిరినది. కుదిరినను ఒక చిక్కు కలదు. తెలుగువాని చెవిని ఆ మాట పడగనే మనస్సునకు తోచు రూపములు వేఱు. ఆంధ్ర మహాభాగవత షష్ఠస్కంధమున – ఇది పోతన రచన గాదు, ఏర్చూరి సింగనది – అజామిళుని కడకు వచ్చిన యమదూతలు భయంకరాకారులు. విష్ణుదూతలు చతుర్భుజులు, పద్మలోచనులు. అందు దూతకు రూపము, వేషము, ఆయుధము అన్నియు ఏర్పడియున్నవి.

బైబిలులో తొలుత కనబడు దూతలకు ఇవేవియు లేవు. మమ్రే వనమున ఎండవేళ అబ్రాహాము గుడారపు వాకిట కూర్చుండగా మువ్వురు మనుష్యులు వచ్చిరి. అతడు వారికి కాళ్ళు కడుగుకొన నీళ్ళిచ్చి, రొట్టెలు, లేతదూడ మాంసము, వెన్న, పాలు పెట్టెను, వారు భుజించిరి. ఇద్దఱు సాయంకాలమున సొదొమ చేరినప్పుడు గాని గ్రంథము వారిని దూతలని పిలువదు. మనోహయు అట్లే మోసపోయెను. తన యెదుట నిలిచినవానిని మనుష్యుడే యనుకొని, మేకపిల్లను వండి పెట్టెదనని బ్రతిమాలెను. బలిపీఠపు జ్వాలలో ఆతడు పైకి పోయిన పిదప గాని సంగతి తెలియలేదు. ఏసుక్రీస్తు సమాధి యొద్ద నున్నవాడు మార్కు సువార్తలో తెల్లని అంగీ తొడిగిన పడుచువాడు. మత్తయిలో మెఱుపువంటి రూపము, మంచువంటి వస్త్రము గలవాడు. అచ్చటను రెక్కల ప్రసక్తి లేదు.

రెక్కలు గలవారు వేఱు. యెషయా చూచిన సెరాపులకు ఆఱేసి రెక్కలు: రెంట ముఖమును, రెంట పాదములను కప్పుకొని, రెంట ఎగురుదురు. 'సెరాపు' అను మాటకు మండుట యనునది మూలార్థము. అరణ్యమున ఇశ్రాయేలీయులను కఱచిన సర్పములకు సయితము హీబ్రూలో ఇదే పేరు. ఇక బబులోను చెఱలో కెబారు నదియొద్ద యెహెజ్కేలు చూచిన జీవులకు నాలుగేసి ముఖములు – మనుష్యునిది, సింహముది, ఎద్దుది, పక్షిరాజుది, నాలుగేసి రెక్కలు, దూడ డెక్కవంటి అరకాళ్ళు. ప్రక్కన చక్రములో చక్రము, ఆ చక్రముల అంచుల నిండ కన్నులు. వీరినే ఆ ప్రవక్త తరువాత కెరూబులనెను. నరసింహుని, గరుత్మంతుని ఎఱిగిన తెలుగు పాఠకునకు ఇది జర్మను పాఠకునకు తోచినంత వింతగ తోపకపోవచ్చును. అందుచేతనే అనువాదకునకు ప్రమాదమెక్కువ. గంధర్వుడనియో గరుడుడనియో వ్రాసిన చదువరికి సులువుగ తెలియును, కాని తెలిసినది మఱియొకటి యగును. తరువాతి తెలుగు అనువాదకులు కెరూబు, సెరాపు అను పేళ్ళను అట్లే యుంచుట మేలయినది.

పిల్లల వీపున కట్టు రెక్కలు చిత్రకారుల సొత్తు. రోమా నగరమున ప్రిస్కిల్లా భూగృహమునందలి ప్రాచీన చిత్రమున గబ్రియేలుగ భావింపబడు మూర్తి రెక్కలు లేని మనుష్యుడు. నాలుగవ శతాబ్దాంతము నుండియే క్రైస్తవ శిల్పమున రెక్కల దూతలు కానవచ్చిరి.

షుల్జ్ బైబిలును చదివి ఈ భేదమును గమనించు భాగ్యము తెలుగువారికి కలుగలేదు. నాడు చెన్నపట్టణమున తెలుగు అచ్చు లేదు. 1743లో ఆయన హాలేకు మరలిపోయెను. 1745లో ఆయన హిందూస్తానీ వ్యాకరణము వెలువడెను. 1746, 1747 సంవత్సరములలో అచ్చటనే కొన్ని చిన్న తెలుగు పుస్తకములు అచ్చొత్తించెను; 'నూరు జ్ఞాన వచనములు' వానిలో నొకటి. తెలుగున అచ్చయిన తొలి పుస్తకములు ఇవియే యని పండితుల నిర్ణయము. ఆ అక్షరములు పోతపోయించినవాడు తన బైబిలును మాత్రము అచ్చున చూడజాలకపోయెను. 1760లో హాలేలోనే మరణించెను.

1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషను వారు పనిని మరల మొదటినుండి ఎత్తుకొనిరి. డేగ్రాంజెస్, ఆనందరాయరు కలసి తెలిగించిన సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. డేగ్రాంజెస్ అంతకు రెండేండ్ల ముందే గతించెను. షుల్జ్ వ్రాసిన తెలుగు వ్యాకరణము 1984లో హాలేలో వెలువడెను.